ఫారం లేని నమూనా

ఫిబ్రవరి పదకొండు, ఆదివారం. ఆ ఉదయం మేం తిన్నది కాల్చిన రొట్టె, ఉడికించిన గుడ్లు, ఆఖర్న ఒక నారింజపండు చెరి సగం. నా భార్య తన గుడ్డు సగమే తిని మిగతాది నా పళ్ళెంలోకి జరిపింది. తిన్నాక పళ్ళేలు పక్కకి తీసి, అదే బల్ల మీద ఆమె మోచెయ్యి ఆనించి రక్తం తీశాను. గాజుగొట్టం మీద నంబరు రాయాల్సిన చోట "ఇల్లు" అని రాశాను.

నేను రక్తపరీక్షల లాబ్‌లో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. హార్మోన్లు కొలిచే మిషను నా చేతి కింద ఉంటుంది. గొంతు దగ్గర థైరాయిడ్ అనే గ్రంథి ఉంటుంది, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా. ఒంట్లో వేడి, గుండె వేగం, ఆలోచనలో చురుకు, చివరికి ఒక మాటకి నవ్వు రావడానికి పట్టే సమయం కూడా అది విడిచే హార్మోను మీద ఆధారపడి ఉంటాయి. మెదడు అడుగున బఠానీగింజంత పిట్యూటరీ గ్రంథి దాని మీద అజమాయిషీ చేస్తుంది. కిందిది పని తగ్గిస్తే పైది కేకేస్తుంది. ఆ కేక పేరు టీఎస్‌హెచ్. అది ఎంత గట్టిగా ఉందో కొలవడమే నా ఉద్యోగం. నాలుగు లోపు ఉంటే ఇల్లు సజావుగా ఉన్నట్టు. పది దాటితే పైవాడు విసుక్కుంటున్నట్టు. యాభై దాటితే గొంతు చించుకుంటున్నట్టు.

మా లాబ్‌కి రోడ్డవతల బస్ స్టేషను. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చదివేది నా భార్య. కిటికీ తెరిస్తే ఆమె గొంతు మా గాజుగొట్టాల మధ్యకి వచ్చేది. పెళ్ళయి పందొమ్మిదేళ్ళయినా పగటిపూట ఆమెకి దూరంగా ఉన్నానని నాకెప్పుడూ అనిపించలేదు. ఆ సంవత్సరం మొదట్నించీ ఆ గొంతు బరువెక్కింది. ఒక్కో ఊరి పేరుకీ మధ్య ఖాళీలు పెరిగాయి.

మా దగ్గర రక్తం తీసే ఆవిడని అందరం సూదమ్మ అంటాం. ఆవిడ సూది ఎవరికీ నొప్పి తెలియనివ్వదు, మాట మాత్రం ఎవర్నీ వదలదు.

"ఏంటి మాస్టారూ, మీ ఆవిడ ఇవాళ బస్సులకి జోల పాడుతోంది?" అంది ఒకరోజు.

"చలికి గొంతు పట్టేసింది."

"చలా! నాకు చెమట్లు కారిపోతుంటే! ఒకసారి పరీక్ష చేయించరాదూ? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు."

ఇంటికొచ్చి చెబితే నా భార్య నవ్వింది. ఒక ప్రయాణికుడు కౌంటరు దగ్గరికొచ్చి, "మైకులో చదివే అబ్బాయి కొత్తగా చేరాడా?" అని అడిగాడట. అది చెప్పి మళ్ళీ నవ్వింది. రెండుసార్లూ నవ్వు కాస్త ఆలస్యంగానే వచ్చింది. గదిలో హీటరు పెట్టుకుని, దాని మీదికి వంగి కూర్చుని ఉంది. "చేయండి మీ పరీక్ష. ఏదో ఒకటి తేలితే బాగుణ్ణు" అంది.

అలా వచ్చింది ఆ ఆదివారం. ఆదివారాలు మా లాబ్ ముందుగది మూసి ఉంటుంది. అత్యవసర నమూనాలు మాత్రమే వస్తాయి. వాటి మధ్యలో "ఇల్లు" అని రాసిన గొట్టాన్ని మిషన్లో పెట్టాను. ఫలితం రెండు పాయింట్ ఎనిమిది. థైరాయిడ్ విడిచే హార్మోను కూడా మామూలే. నాకు ఎంత తేలికపడ్డదో! సాయంత్రం తలుపు తీస్తూనే చెప్పాను.

"నీకేం లేదోయ్. నీ గ్రంథులన్నీ గడియారంలా ఉన్నాయి."

ఆమె బట్టలు మడతపెడుతోంది. చేతిలోది మడిచి, పక్కన పెట్టి, దాని మీద చెయ్యి అలాగే ఉంచింది.

"అయితే ఇదంతా నేనేనన్నమాట" అంది.

ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు. పాలు కాచుకోడానికి వంటింట్లోకి వెళ్ళాను.

ఇక్కడ ఒక ఫారం గురించి చెప్పాలి. అంతకు ఏడాది ముందు మిషను తయారుచేసినవాళ్ళ నుంచి ఒక హెచ్చరిక వచ్చింది. జుట్టుకీ గోళ్ళకీ వాడే బయోటిన్ అనే విటమిన్ ఎక్కువ మోతాదులో రక్తంలో ఉంటే ఫలితాలు తారుమారవుతాయని. మా మిషను పనిచేసే పద్ధతిలో ఆ బయోటినే ఒక జిగురు. రక్తంలోని టీఎస్‌హెచ్‌ని పట్టి గోడకి అంటించడానికి దాన్ని వాడతారు. రక్తమే దాంతో నిండి ఉంటే గోడ మీద చోటంతా అదే ఆక్రమించుకుంటుంది, టీఎస్‌హెచ్ కడిగిన నీళ్ళతో కొట్టుకుపోతుంది. థైరాయిడ్ హార్మోను కొలిచే పద్ధతి దీనికి తలకిందులు కాబట్టి అక్కడ తక్కువున్నది ఎక్కువగా కనిపిస్తుంది. మిషను తనకి కనిపించిందే చెబుతుంది. అందుకని వచ్చిన ప్రతి మనిషినీ అడిగి రాసుకోవాలని మా లాబ్ పెద్దాయన తీర్మానించాడు. కాలేజీలో భాష చదువుకున్నవాణ్ణని ఆ ప్రశ్న రాసే పని నాకే అప్పగించాడు. "జుట్టు, గోళ్ళ కోసం విటమిన్ మాత్రలు వాడుతున్నారా? వాడితే ఎప్పటినుంచి? ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారు?" ఫారంలో ఏడో ప్రశ్న. పిల్లలకి కూడా అర్థమయ్యేలా రాశానని కాస్త గర్వపడ్డాను కూడా.

ఆ ప్రశ్నని కొన్ని వేలమందిని అడిగాం. మా వంటింటి బల్ల దగ్గర మాత్రం ఫారం లేదు.

నా భార్య జుట్టు రాలుతోందని నాకు తెలుసు. స్నానాలగది జాలీలో చుట్టలు చుట్టలుగా కనిపించేది. చూసి తీసేసి ఊరుకునేవాణ్ణి, అడిగితే చిన్నబుచ్చుకుంటుందని. నాకు తెలియకూడదని ఆమె మాత్రలు చేతిసంచిలో పెట్టుకుంది. వాటిని ఇచ్చింది నా మరదలు. ఆమెకి రెండు వీధుల అవతల జుట్టు కత్తిరించే దుకాణం ఉంది. అక్క తల దువ్వుతుంటే దువ్వెన నిండా వెంట్రుకలు వచ్చాయని కళ్ళనీళ్ళు పెట్టుకుని, అరలో ఉన్నవాటిలో అన్నిటికన్నా ఎక్కువ మోతాదుది తీసి ఇచ్చిందట. పొద్దున్నే రెండేసి. ఆ ఆదివారం కూడా, నేను గుడ్లు ఉడకబెడుతుంటే, రెండు వేసుకుంది. జుట్టు రాలడానికి కారణమైన జబ్బుని జుట్టు కోసం వేసుకున్న మాత్రే దాచేసింది. ఇదంతా తర్వాత తెలిసింది.

ఆ పది నెలలూ ఇలా గడిచాయి. ఆమె తప్పు ప్లాట్‌ఫారం చదివింది, రెండుసార్లు. నలభైమంది ఒక చోట నిలబడితే బస్సు ఇంకో చోటికి వచ్చి వెళ్ళిపోయింది. మైకు తీసేసి ప్రయాణికులు పోగొట్టుకున్న సామాన్లు దాచే గదిలో కూర్చోబెట్టారు. కిటికీలోంచి వేరే గొంతు వినపడటం మొదలైంది. నేను కిటికీ మూసేశాను. ఇంట్లో ఆమె గిన్నె చేత్తో పట్టుకుని, ఎందుకు పట్టుకుందో మర్చిపోయి నిలబడేది. ముఖం ఉబ్బింది. వారం రోజులపాటు ఎవరితోనూ ఫోన్లో మాట్లాడేది కాదు. నేను చెప్పింది గోడకి చెప్పుకున్నట్టే ఉండేది. నా మీద మనసు విరిగిందేమో అనుకున్నాను. ఆ అనుమానాన్ని నోటితో అడిగే ధైర్యం లేక చిరాకుగా మార్చుకున్నాను.

ఒక శనివారం మరదలు వచ్చింది. అక్క పగలు మూడింటికి కూడా మంచం దిగలేదు.

"ఏం బావా, అక్కని కోటలో రాణిలా చూసుకుంటున్నావే!" అంది.

"రాణీ లేదు, గీణీ లేదు. దీనికి జబ్బేం లేదు. పరీక్ష కూడా చేశాగా. బద్ధకానికి ఇంకా మిషను కనిపెట్టలేదు" అన్నాను.

మరదలు పకపకా నవ్వింది. లోపలి గదిలో మంచం కిర్రుమంది. కాసేపటికి నా భార్య లేచి వచ్చి, మేమిద్దరం చూస్తుండగా, ఒక్కో గ్లాసే తీసి కడగడం మొదలుపెట్టింది.

డిసెంబరులో, జలుబు చేసి నాలుగురోజులు తగ్గకపోయినా, అలాగే పనికి వెళ్ళింది. పోయిన గొడుగుల, సంచుల మధ్య కోటు వేసుకుని కుర్చీలో కూర్చుని ఉందట. సామాను కోసం వచ్చినతను మూడుసార్లు పిలిచినా పలకలేదు. ఆసుపత్రిలో ఒంటి వేడి ముప్పైఏడు ఉండాల్సింది ముప్పైమూడు డిగ్రీలు, గుండె నిమిషానికి ముప్పై ఎనిమిది సార్లు. నర్సులు రెండు కంబళ్ళు కప్పారు. ఒక పిల్ల డాక్టరమ్మ వచ్చింది. మా లాబ్‌లో చేరడానికి వచ్చినా వయసు చాలదని పంపేస్తారేమో అనిపించేంత చిన్నగా ఉంది. ఆమె ముందు రక్తం అడగలేదు. కనుబొమలు చూసింది. బయటి కొసలు రాలిపోయి ఉన్నాయి. కాలి ముందు ఎముక మీద వేలితో నొక్కింది. మడమ పైన చిన్న సుత్తితో తట్టింది. పాదం ఎగిరింది, కానీ వెనక్కి తీరిగ్గా వచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉన్నారు?"

"థైరాయిడ్ చూశామమ్మా. మామూలుగానే ఉంది. నేనే చేశాను" అన్నాను.

ఆ అమ్మాయి నా మాట కొట్టిపారేయలేదు. "మళ్ళీ చూద్దాం సార్" అని మాత్రం అంది. ఆసుపత్రిలో మిషను వేరు, పద్ధతి వేరు. టీఎస్‌హెచ్ తొంభై నాలుగు వచ్చింది.

ఆ అంకె కాగితం మీద చూసి నడవాలోని బెంచీ మీద కూర్చుండిపోయాను. పది నెలలుగా ఆమె తలలోని ఆ బఠానీగింజ గొంతు చించుకుంటూనే ఉంది. వినడమే ఉద్యోగమైనవాణ్ణి పక్క దిండు మీదే పడుకున్నాను.

ఐదోరోజుకి ఆమె సరిగ్గా మాట్లాడటం మొదలుపెట్టింది. డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని మామూలుగా అడిగింది: "జుట్టుకి ఏమైనా మాత్రలు వాడుతున్నారామ్మా?" నా భార్య చేతిసంచి వైపు చూపించింది. నేను సీసా బయటికి తీశాను. మోతాదు చదివాను. నా ముఖం చూసి ఆమెకి అంతా అర్థమైపోయింది. డాక్టరమ్మ కూడా అర్థం చేసుకుని, ఇంకెవరో పిలిచినట్టు లేచి వెళ్ళిపోయింది. ఆ పిల్ల చేసిన మేలుల్లో నాకు అదే ఎక్కువగా గుర్తుంటుంది.

"మీరు అడగలేదు. నేను చెప్పలేదు" అంది నా భార్య. "ఇద్దరం మర్యాదస్థులమే."

సీసా పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాను.

"ఏడవకండి. పక్క మంచం ఆవిడ చూస్తోంది. నేనేదో పోయాననుకుంటుంది" అని, కాస్త ఆగి, "అయితే ఇది నేను కాదన్నమాట" అంది. ఫిబ్రవరిలో అన్న మాట అప్పుడు అర్థమైంది. తన మందకొడితనం, తన మరుపు, తన ఏడుపు అన్నీ తన గుణమేనని, జబ్బు లేదు కాబట్టి తను చెడ్డదైపోయిందని పది నెలలు నమ్మింది. నమ్మడానికి నా మాట చాలింది.

"ఒక్కటి మాత్రం వినండి. చెల్లికి చెప్పకండి. చిన్నప్పుడు నా బొమ్మ విరగ్గొట్టి మూడురోజులు ఎవరితోనూ మాట్లాడలేదది. ఇది తెలిస్తే ఎప్పటికీ మాట్లాడదు."

చెప్పనన్నాను.

ఆ తర్వాత మాకు ఏడు నెలలు దొరికాయి. రోజూ పొద్దున్న పరగడుపున ఒక చిన్న తెల్లమాత్ర. ముందు కాళ్ళు వెచ్చబడ్డాయి. రాత్రి ఆమె పాదం నా కాలికి తగిలితే ఉలిక్కిపడటం మానేశాను. కనుబొమల కొసలు మొలిచాయి. ఏప్రిల్లో ఒకరోజు నేను చెప్పిన చచ్చు జోకుకి, నేను పూర్తి చేసేలోపే, "చాలా పాతది" అంది. అంత వేగంగా! నేను వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పి కాసేపు నిలబడ్డాను. మేలో మైకు మళ్ళీ ఇచ్చారు. నేను కిటికీ తెరిచాను. సూదమ్మ గొట్టాలు సర్దుతూ ముక్కు తుడుచుకుంది.

ఆగస్టులో ఒక ఉదయం చెప్పుల పట్టీ పెట్టుకోడానికి వంగి, అలాగే పక్కకి ఒరిగిపోయింది. గుండె. అన్నాళ్ళు హార్మోను లేకపోవడం వల్ల రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని ఉండొచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆ పది నెలలే కారణమా అని అడిగాను. "చెప్పలేం సార్. లేకపోయినా జరిగి ఉండొచ్చు" అంది. ఆ "ఉండొచ్చు" మీదే ఇప్పటికీ పడుకుంటున్నాను.

మరదలు ఒంటరి మనిషి. అక్క పోయాక ప్రతి శనివారం దుకాణం మూసి మా ఇంటికొచ్చి, ఆదివారం సాయంత్రం వెళ్ళేది. ఇద్దరం ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళం కాదు. నా తల చూసి, "ఏంటి బావా, ఎలకలు కొరికినట్టుంది, ఎవడు కత్తిరించాడు?" అని తువ్వాలు కప్పి తనే సరిచేసేది. వారం మొత్తంలో నన్ను ముట్టుకునే మనిషి చెయ్యి అదొక్కటే. ఆమె కూడా రావడం మానేస్తే ఈ ఇంట్లో నేను పలకరించడానికి ఎవరూ ఉండరు.

జనవరిలో రెండో శనివారం వచ్చింది. కోటు విప్పలేదు. సంచిలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది. అదే మాత్ర, కొత్త సరుకు. మూత మీద ఎర్రటి అక్షరాలతో చిన్న చీటీ అంటించి ఉంది: రక్తపరీక్షకి ముందు ఈ మాత్రలు ఆపి, మీ డాక్టరుకి చెప్పండి.

"పాత సీసాల మీద ఇది లేదు" అంది. "బావా, సూటిగా అడుగుతున్నా. నాన్చకు. నేనిచ్చిన మాత్రలు వేసుకోబట్టేనా నీ మిషనుకి అక్క జబ్బు కనపడలేదు?"

కాదంటే సరిపోయేది. ఆ చీటీలు ఊరికే జాగ్రత్త కోసం అంటిస్తారని, మా మిషనుకి అవి వర్తించవని చెబితే నమ్మేది. నా వృత్తి అలాంటిది. నేను "ఏం లేదు" అంటే జనం నమ్ముతారు. వాళ్ళక్క కూడా నమ్మింది. నా భార్యకి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. కానీ ఈ ఇంట్లో, ఈ బల్ల దగ్గర, రెండోసారి "ఏం లేదు" అనడానికి నోరు రాలేదు.

"అవును" అన్నాను.

ఆమె కుర్చీ వెనక భాగం పట్టుకుంది.

"కూర్చో. సగమే విన్నావు." నా లాబ్ సంచిలోంచి ఖాళీ ఫారం ఒకటి తీసి ఆమె ముందు పెట్టాను. "ఏడోది చదువు."

చదివింది. పెదవులు కదుపుతూ చదివింది.

"ఆ ప్రశ్న రాసింది నేను. మీ అక్క రక్తం తియ్యడానికి ఏడాది ముందు. ఊళ్ళో అందరినీ అడిగాను. మీ అక్కని అడగలేదు. నీకు తెలియక ఇచ్చావు. నాకు తెలిసి అడగలేదు."

"ఎందుకు అడగలేదు?"

"ఇంటి మనిషి కదా. తనకి ఫారమేంటనుకున్నాను. తన గురించి నాకు తెలియంది ఏముంటుందనుకున్నాను."

ఫారాన్ని తిప్పి బల్ల మీద బోర్లా పెట్టింది.

"అక్కకి తెలుసా?"

"తెలుసు. నీకు చెప్పొద్దంది."

అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేకుండా, కోటు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని. నేను దగ్గరికి వెళ్ళలేదు, వెళ్ళే హక్కుందో లేదో తెలియక. ఏడుపు ఆగాక అంది: "బద్ధకానికి మిషను లేదన్నావు చూడు ఆ రోజు. నేను నవ్వాను బావా. నువ్వు అన్నావు సరే, నేను నవ్వాను. అది వింది."

"వింది."

"నీ మీద కోపం వస్తోంది. చాలా వస్తోంది."

"రావాలి."

"అంత బుద్ధిమంతుడిలా తల ఊపకు! ఇంకా ఒళ్ళు మండుతుంది" అని అరిచింది. ఆ అరుపులో ఒక్క క్షణం అచ్చం వాళ్ళక్క వినపడింది. తర్వాత సీసా తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. మాత్రలు చెత్తడబ్బాలో పడిన చప్పుడు, ఖాళీ సీసా కడిగిన చప్పుడు వినపడ్డాయి. నేను బల్ల దగ్గరే ఉన్నాను. వంటింట్లో దీపం ఆరింది. నడవాలోకి వచ్చింది. ఎడమవైపు వీధి తలుపు, కుడివైపు ఆమె శనివారాలు పడుకునే చిన్న గది. కోటు ఇంకా ఒంటి మీదే ఉంది. నా వైపు చూడలేదు.

ఆమె అడుగులు నడవాలో ఆగాయి. ఎంతసేపో చెప్పలేను. నేను గడియారం వైపు చూడలేదు.

"పొద్దున్న నన్ను లేపకు. ఆలస్యంగా లేస్తాను" అంది.

చిన్న గదిలోకి వెళ్ళి, గడియ చప్పుడు కాకుండా చెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా తలుపు వేసుకుంది.